చెరకు సీమలో పువ్వు పని

బడి పుస్తకంలో పూలమొక్క బొమ్మ చుట్టూ గీతలు గీసి వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ, గింజ అని పేర్లు రాసి ఉంటాయి. ఒక్కో పేరు కింద ఒక్కో పని. వేరు మొక్కను నిలబెట్టి నీరు పీల్చుకుంటుంది, కాండం మోస్తుంది, ఆకు ఆహారం తయారు చేస్తుంది, పువ్వు సంతతినిస్తుంది. ఈ బొమ్మలో తప్పేమీ లేదు. అయితే దీన్ని మనసులో పెట్టుకుని బోధన్ నుంచి రెంజల్ మీదుగా, గోదావరిలో మంజీరా, హరిద్ర కలిసే కందకుర్తి దాకా చేల వెంట వెళ్ళిన వారికి ఒక సందేహం రావాలి. ఈ సీమకు పేరు తెచ్చిన పంటలు రెండు, చెరకు, పసుపు. చెరకులో అమ్మేది కాండం. పసుపులో అమ్మేదీ కాండమే, అది నేల కింద పెరుగుతుందన్నదే తేడా. విత్తనం కూడా గింజ కాదు. చెరకుకైతే ముచ్చె, పసుపుకైతే దుంప. కాండం ముక్క నాటి, కాండం పెంచి, కాండం అమ్మి, కొంత కాండాన్ని మళ్ళీ విత్తనానికి దాచుకుంటారు. ఈ చక్రంలో పువ్వు ఎక్కడా కనిపించదు. మరి ఇక్కడ పువ్వు ఎందుకూ కొరగానిదా? కాదని, పైగా పువ్వును లెక్కలోంచి తీసేసిన పంట ఎప్పటికైనా ఆపదలో పడుతుందని, అప్పుడు దాన్ని గట్టెక్కించేది మళ్ళీ పువ్వేనని ఈ కథనం వాదన.

ముందు కాండానికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. చెరకు గడను చేతిలోకి తీసుకుంటే కణుపు కణుపుకూ ఒక కన్ను ఉంటుంది. కన్ను ఉన్న చోటే గడ చుట్టూ సన్నని చుక్కల వరుసలు కనిపిస్తాయి. అవి ఇంకా పుట్టని వేళ్ళు. మట్టి తడి తగలగానే చుక్కల్లోంచి వేళ్ళు, కంట్లోంచి మొలక వస్తాయి. రెండు మూడు కళ్ళున్న ముచ్చె పాతితే చాలు, మొక్క తయారు. పిలకలు వేసి దుబ్బు కడుతుంది. నరికాక మోడు నుంచి కార్శి తోట లేస్తుంది. ఆకులో తయారైన చక్కెర సన్నని నాళాల గుండా కిందికి దిగి కాండంలోని కణాల్లో నిల్వ చేరుతుంది. ఎండను వాడుకోవడంలో చెరకు, జొన్న, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి మొక్కలు మిగతా పంటల కంటే నేర్పరులు కనుకనే గడ అంత బరువు తూగుతుంది. పసుపు సంగతి ఇంకా ఆసక్తికరం. నేలపైన కాండంలా కనిపించేది నిజానికి కాండం కాదు, ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకుల తొడుగులు. అసలు కాండం మట్టిలో ఉంటుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కాడి అనీ గోళ అనీ వేరు చేసి రాసిపోసేది దాన్నే. అది వేరు కాదని ఎలా తెలుస్తుంది? కొమ్ము మీద ఉంగరాల్లాంటి గీతలుంటాయి. అవి పొలుసాకులు రాలిన గుర్తులు, అంటే కణుపులు. వాటి దగ్గర కళ్ళుంటాయి. చిలగడదుంప మీద ఆ కణుపులు కనబడవు. అది నిజంగా వేరే. వంటింట్లో అన్నీ దుంపలే కావచ్చు, మొక్క లెక్క మాత్రం వేరు.

ఈ కాండాల మీదనే ఒక ప్రాంతం ఆర్థిక జీవితం నిలిచింది. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు పారాక చెరకు విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ పెరిగింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. 2002లో యాజమాన్యం ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. పసుపు కథ ఇంకో తీరు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న ధరల మీద ఆగ్రహంతో నామినేషన్లు వేసిన రైతులు. జాతీయ పసుపు బోర్డు 2023 అక్టోబరులో ప్రకటనకు వచ్చి, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఈ చరిత్ర అంతటా చర్చ జరిగింది టన్ను ధర మీద, క్వింటా ధర మీద, బకాయిల మీద. జరగాల్సిన చర్చే. కానీ ధర పలికే ఆ కాండం ఏ రకానిది, ఆ రకం ఎక్కడ పుట్టింది అన్న ప్రశ్న ఆ చర్చలో దాదాపు వినబడలేదు. ఆ ప్రశ్న వేస్తే జవాబు పువ్వు దగ్గరికే తీసుకెళ్తుంది.

పువ్వంటే ఏమిటో తెలుసుకోవడానికి తెలంగాణ పాఠకులకు సూక్ష్మదర్శిని అక్కర్లేదు, బతుకమ్మ పళ్ళెం చాలు. గుమ్మడిపువ్వుల్లో కొన్నింటికి అడుగున చిన్న పిందె ఉంటుంది, కొన్నింటికి ఉండదు. పిందె ఉన్నది ఆడపువ్వు, ఆ పిందె దాని అండాశయం. లేనిది మగపువ్వు, దాని పని పుప్పొడి ఇవ్వడంతో సరి. తంగేడులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. బయట రక్షక పత్రాలు, లోపల పచ్చని ఆకర్షక పత్రాలు, వాటి లోపల కేసరాలు, నడుమ కొడవలిలా వంగిన కీలం. తంగేడు కేసరాలు అన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. వాటి పుప్పొడి సంచులు నిలువునా పగలవు, కొసన చిన్న రంధ్రాలు మాత్రమే తెరుచుకుంటాయి. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో అదిలిస్తేనే పుప్పొడి రాలుతుంది. తంగేడు మకరందం ఇవ్వదు, పుప్పొడే దాని కూలి. ఇక బంతి ఒక పువ్వే కాదు, వందలాది చిన్న పువ్వుల గుంపు. ఎండిన బంతిని విప్పితే రాలే నల్లని సన్నని గింజ ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు సంతానం. గునుగు కంకి కూడా అంతే. కింద పువ్వులు గింజ కట్టి ఎండుతుండగా పైన కొత్తవి విచ్చుకుంటుంటాయి. ఇన్ని వేషాల వెనక పని ఒక్కటే. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క కీలాగ్రం మీద పడి, ఇద్దరి లక్షణాలూ కలిసి, ఎవరికీ పూర్తిగా నకలు కాని మూడో జీవి పుట్టడం. రంగు, వాసన, రేకులు, తేనె, అన్నీ ఆ కలయిక కోసం పెట్టిన ఖర్చు.

చెరకు కూడా పూస్తుంది. పగళ్ళు నెమ్మదిగా తగ్గుతూ పన్నెండున్నర గంటల దగ్గరికి వచ్చినప్పుడు, నేలలో తేమ, గాలిలో తగిన వెచ్చదనం ఉంటే మొవ్వు లోపల మార్పు మొదలవుతుంది. అప్పటిదాకా ఆకు తర్వాత ఆకును, కణుపు తర్వాత కణుపును పుట్టించిన ఆ కొన ఇప్పుడు పూలగుత్తిని పుట్టించడం ప్రారంభిస్తుంది. కొన్ని వారాల తర్వాత వెండి రంగు కుచ్చు బయటికొస్తుంది. ఇక్కడే రైతు అభ్యంతరం చెబుతాడు. పూత వచ్చిన గడ ఇక పొడవు పెరగదు, ఎక్కువ రోజులు నిలబెడితే లోపల బెండుబారుతుంది, పక్క కళ్ళు మొలకెత్తి చక్కెరను తినేస్తాయి. అలాంటి పువ్వు ఉండి ఎవరికి లాభం? ఈ అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. దానిలోనే ఒక పాఠం కూడా ఉంది. పువ్వు అనేది కాండానికి అదనంగా అతికించిన ఆభరణం కాదు. కాండం కొనే పువ్వుగా మారుతుంది. పెరుగుదల, పునరుత్పత్తి ఒకే చోటు కోసం, ఒకే చక్కెర కోసం పోటీ పడతాయి. పుస్తకంలోని బొమ్మ భాగాలను విడివిడి శాఖలుగా చూపుతుంది. బతికున్న మొక్కలో అవి ఒకే ఖజానా మీద బేరమాడుకుంటాయి. కాబట్టి రైతు తన తోటలో పూత తక్కువ వచ్చే రకాన్ని కోరుకోవడం సబబే. కానీ అలాంటి రకం కూడా ఎక్కడో, ఎవరో పూయించిన రెండు చెరకుల కలయిక నుంచే పుట్టాలి.

చాలాకాలం లోకం ఈ సంగతి నమ్మలేదు. చెరకు గింజ కట్టదని, కట్టినా మొలవదని అనుకునేవారు. 1880ల చివర జావాలోనూ, బార్బడోస్‌లోనూ వేర్వేరుగా పరిశోధకులు చెరకు గింజ మొలుస్తుందని చూపారు. అప్పుడు చూపాల్సిన అవసరమూ వచ్చింది. జావా తోటలను సెరె అనే తెగులు ఖాళీ చేస్తోంది. తోటలన్నీ ఒకే మొక్క ముక్కలు కావడంతో ఒకదానికి లేని నిరోధకత మరిదేనికీ లేదు. మన దేశంలో 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం మొదలైంది. సి.ఎ. బార్బర్, ఆయన తర్వాత టి.ఎస్. వెంకట్రామన్ అక్కడ పనిచేశారు. కోయంబత్తూరును ఎంచుకోవడానికి కారణం అక్కడ చక్కెర మిల్లులు ఉండటం కాదు, అక్కడ చెరకు బాగా పూయడం. ఉత్తరాదిన రాత్రి చలికి పుప్పొడి సత్తువ కోల్పోతుంది, అందుకే పంజాబ్‌కు, ఉత్తరప్రదేశ్‌కు కావాల్సిన రకాలకు కూడా సంకరాలు ఈనాటికీ ప్రధానంగా కోయంబత్తూరులోనే చేసి, గింజలున్న నూగును ఆయా కేంద్రాలకు పంపుతారు. చెరకు పువ్వు కంటికి ఆనదు. వెండి కుచ్చులో జతలు జతలుగా అమరిన చిన్న కంకికలు, ఒక్కో పువ్వులో మూడు కేసరాలు, ఈకలా విడిన రెండు కీలాగ్రాలు. రేకుల్లేవు, ఎందుకంటే పిలవాల్సిన తుమ్మెద లేదు, పుప్పొడిని గాలి మోస్తుంది. గింజ మిల్లీమీటరు పరిమాణం. ఆ గింజల నుంచి వేల నారు పెంచి, ఏళ్ళ తరబడి వడగట్టి, పది పన్నెండేళ్ళకు ఒక రకాన్ని నిలబెడతారు. ఆ నిలబడ్డ ఒక్కదాన్నే ఆ తర్వాత రైతులు ముచ్చెలుగా కొట్టి ఊరూరా నాటుతారు. దక్షిణాదిన విస్తారంగా సాగైన కో 86032 రకానికి కో 62198, కోసి 671 అనే ఇద్దరు తల్లిదండ్రులున్నారు. ప్రతి ముచ్చె వెనకా ఒక పెళ్ళి ఉంది.

కోయంబత్తూరు నుంచి 1918లో విడుదలైన తొలి సంకర రకం కో 205కి ఒక తల్లి వెల్లై అనే మేలిజాతి చెరకు. రెండో వైపు చుట్టం ఎవరు? రెల్లు. బతుకమ్మ రోజుల్లో గోదావరి ఒడ్డున, ఇసుక మేటల మీద తెల్లగా ఊగే ఆ గడ్డే, శాస్త్రం దాన్ని శాకరమ్ స్పాంటేనియమ్ అంటుంది. గడ సన్నం, తీపి నామమాత్రం, పీచు ఎక్కువ. కానీ వరదకూ ఎండకూ చావదు, తెగుళ్ళకు సులువుగా లొంగదు, ఏటా తప్పకుండా పూస్తుంది. మేలిజాతి చెరకుకు తీపి ఉంది, ఓర్పు లేదు. రెల్లుకు ఓర్పు ఉంది, తీపి లేదు. రెంటినీ కలిపి, వచ్చిన బిడ్డను మళ్ళీ మళ్ళీ తీపి చెరకుతోనే కలిపి, తీపి తగ్గకుండా ఓర్పును నిలుపుకున్నారు. జావాలో 1921లో వచ్చిన ప్రసిద్ధ పిఒజె 2878 రకం వెనకా ఇదే నేర్పు. మేలిజాతి చెరకులో క్రోమోజోములు 80. నేటి సాగు రకాల్లో వంద దాటి ఉంటాయి, వాటిలో సుమారు 10 నుంచి 15 శాతం రెల్లు వారసత్వం. రెల్లులోనైతే క్రోమోజోముల సంఖ్య ఒక చోట 40, ఇంకో చోట 128 దాకా మారుతుంది. 1930ల్లో కోయంబత్తూరులో పనిచేసిన జానకి అమ్మాళ్ లాంటి కణశాస్త్రజ్ఞులు ఈ వైవిధ్యాన్ని లెక్కించడానికి శ్రమించారు. వైవిధ్యం అంత ఉన్న గడ్డిలో ఒక నది ఒడ్డున పెరిగిన దాన్ని, మరో నది ఒడ్డున పెరిగిన దాన్ని ఒకటే అనలేం. కాబట్టి కందకుర్తి సంగమం దగ్గర, శ్రీరాంసాగర్ వెనక జలాలు తగ్గినప్పుడు బయటపడే మేటల మీద రెల్లు పూసిందంటే, అక్కడికి కాస్త దూరంలో ఉన్న చెరకు తోటకు దూరపు బంధువు పూసిందన్నమాటే. పొలంలోకి వస్తే రెల్లు వదలని కలుపు. దాన్ని పీకేసే రైతును తప్పుపట్టలేం. ఏటి ఒడ్డున దాని చోటు దానికి ఉండాలన్నదే ఇక్కడి మాట.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. ముచ్చెలతో, దుంపలతో నాటడం వేల ఏళ్ళుగా సాగుతున్న పద్ధతి. నచ్చిన మొక్కకు అచ్చంగా అలాంటి మొక్కే వస్తుంది, గింజతో వస్తే ప్రతి మొక్కా వేరుగా ఉంటుంది, ఫ్యాక్టరీకి, మార్కెట్‌కు ఏకరూపత కావాలి. మరి పువ్వు ఎందుకు? సాగుకు కాండమే మేలు. ఈ మాటలో నిజముంది, అందుకే చెరకును ఎవరూ గింజతో సాగు చేయరు. కానీ ఏకరూపత లాభం ఇచ్చినంత కాలమే లాభం. ప్రపంచ మార్కెట్‌ను ఏలిన గ్రోమిషెల్ అరటిని 20వ శతాబ్దం మధ్యకల్లా పనామా తెగులు తుడిచిపెట్టింది. దాని స్థానంలో వచ్చిన కావెండిష్‌ను ఇప్పుడు అదే శిలీంధ్రపు కొత్త తెగ తరుముతోంది. రెండు అరటులూ గింజ లేనివి, పిలకతో వచ్చేవి. మన చెరకులోనే చూస్తే, ఉత్తరప్రదేశ్‌లో చెరకు విస్తీర్ణంలో అత్యధిక భాగాన్ని ఆక్రమించిన కో 0238 రకం రైతులకూ మిల్లులకూ కొన్నేళ్ళు సిరులు కురిపించింది. తర్వాత ఎర్రకుళ్ళు తెగులు దానికి పట్టింది. తోటలన్నీ ఒకే మొక్క కావడంతో తెగులుకు అడ్డే లేకపోయింది. ముచ్చెతోపాటే తెగులు కూడా కొత్త పొలానికి ప్రయాణిస్తుంది. ఇంకో సంగతి, గింజ చాలా తెగుళ్ళను వడగడుతుంది, కాండం ముక్క ఆ పని చేయదు. కో 0238 స్థానంలో వస్తున్న రకాలు ఎక్కడివి? మళ్ళీ పూలగుత్తుల నుంచి వచ్చినవే.

పసుపులో ఈ చిక్కు మరీ బలమైనది. పసుపు పువ్వును చూసినవారు తక్కువ. ఆకుల నడుమ నుంచి లేచే కంకిలో లేత ఆకుపచ్చ దొప్పలు, కొసన తెలుపో లేత గులాబీయో కలిసిన దొప్పలు కనిపిస్తాయి. పువ్వు అవి కావు. కింది దొప్పల్లో దాగి ఒక్కో రోజు ఒక్కోటిగా బయటికొచ్చే చిన్న పసుపు రంగు పువ్వులే అసలువి. వాటిలోనూ ఇంకో మాయ ఉంది. పెద్ద రేకులా ముందుకు సాగినది నిజానికి రేకు కాదు, గొడ్డుబోయిన కేసరాలు కలిసి రేకు రూపం ఎత్తినది. అల్లం కుటుంబం మొత్తానికీ ఇదే తీరు. పుప్పొడి ఇచ్చే కేసరం ఒక్కటే మిగిలింది. ఇంత ఏర్పాటు చేసుకుని కూడా పసుపు గింజ కట్టడం అరుదు, ఎందుకంటే దాని కణాల్లో క్రోమోజోములు 63. అంటే 21 చొప్పున మూడు పేటలు. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జంటలు కట్టాలి. మూడు పేటలు ఉన్నప్పుడు జంట కుదరదు, ఎక్కువ భాగం పుప్పొడి పనికిరాకుండా పోతుంది. అందుకే పసుపు రైతు దుంపకు బందీ. ఎకరాకు క్వింటాళ్ళకొద్దీ విత్తన దుంప కావాలి, దానికి పెట్టుబడి కావాలి, దానితోపాటే దుంపకుళ్ళు తెచ్చే పిథియమ్ అనే సూక్ష్మజీవి రావచ్చు. శుద్ధి చేయని దుంపను ఊరి నుంచి ఊరికి తెచ్చుకుంటే రోగాన్ని కూడా కొని తెచ్చుకున్నట్టే.

అయితే పసుపు పువ్వు పూర్తిగా గొడ్డుది కాదు, అదే ఇక్కడ ఆశ. అరుదుగా గింజ కడుతుంది, ఓపికగా సేకరించి మొలిపిస్తే మొలుస్తుంది. కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ అలా సహజ పరాగసంపర్కంతో వచ్చిన గింజల మొలకల నుంచే ప్రభ, ప్రతిభ అనే రకాలను ఎంపిక చేసింది. రెండింటిలోనూ పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ 6 శాతం దాటుతుంది. నిజామాబాద్ పసుపు రైతుకు ధర దగ్గర ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న కర్కుమిన్ ఎంత అన్నదే. ఆ ప్రశ్నకు మెరుగైన జవాబు పువ్వు ఇచ్చిన గింజల్లోంచి దొరికిందంటే, దుంప నుంచి దుంపను ఎంపిక చేసుకుంటూ పోవడం చాలదని అర్థం. దుంపల ఎంపికలో ఉన్నదానిలో మంచిది ఏరుకోగలం. లేనిదాన్ని పుట్టించాలంటే రెండు మొక్కలు కలవాలి.

ఇంకొందరి అభ్యంతరం వేరు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది తెగులు వల్ల కాదు, డబ్బు, యాజమాన్యం, ప్రభుత్వ నిర్ణయాల వల్ల. పసుపు రైతు నామినేషన్ వేసింది క్రోమోజోముల కోసం కాదు. అలాంటప్పుడు పువ్వు గురించి మాట్లాడటం అసలు సమస్యను పక్కదారి పట్టించడం కాదా? కాదు. ఫ్యాక్టరీ మూతపడటానికి కారణాలు అవే, వాటికి జవాబు చెప్పాల్సింది పాలకులే. పువ్వు వాటికి మందు కాదు. కానీ ఫ్యాక్టరీ మళ్ళీ తెరుచుకున్న రోజున గానుగకు కావాల్సింది చెరకు. చెరకు వదిలేసిన రైతు మళ్ళీ దాన్ని ఎంచుకోవాలంటే తక్కువ నీటితో, తక్కువ కాలంలో, ఎర్రకుళ్ళుకు తట్టుకుని, రెండు మూడు కార్శిలు ఇచ్చే రకం చేతిలో ఉండాలి. అది ఆ రోజు మొదలుపెడితే పన్నెండేళ్ళకు వస్తుంది. ధర కోసం పోరాటం ఒక సీజన్‌లో తేలుతుంది, రకం కోసం పోరాటానికి ఒక తరం కావాలి. రెండూ ఒకేసారి జరగాలి.

చెరకు తగ్గాక ఈ ప్రాంతం వరికి, సోయాకు, మొక్కజొన్నకు మళ్ళింది. అంటే తెలియకుండానే కాండం పంటల నుంచి పువ్వు పంటలకు మారింది. ఇక్కడ పువ్వు చాటున దాక్కోదు, దిగుబడినంతా నిర్ణయిస్తుంది. మొక్కజొన్నలో పైనున్న కుచ్చు మగది, నడుమ పొత్తు ఆడది. పొత్తు మీద వేలాడే పీచులో ఒక్కో పోగు లోపలి ఒక్కో గింజకు చేరే కీలం. ఒక పోగుకు పుప్పొడి అందకపోతే ఆ చోట గింజ ఉండదు. సోయా పువ్వు చాలావరకు విచ్చుకోకముందే తన పుప్పొడిని తానే తీసుకుంటుంది. పూసినవాటిలో సగానికి పైగా రాలిపోతాయి. నిలిచినవే కాయలు. వరి పువ్వు సంగతి వీటన్నింటికంటే నాజూకు. కంకి మీద ఒక్కో పువ్వు పొద్దున తొమ్మిదికీ పన్నెండుకూ మధ్య దాదాపు గంటసేపు మాత్రమే తెరుచుకుంటుంది. ఆరు కేసరాలు బయటికి వేలాడతాయి, పుప్పొడి రాలుతుంది, పొట్టు మళ్ళీ మూసుకుంటుంది. ఆ గంటలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ తాలు అవుతుంది. యాసంగి నాటు ఆలస్యమైతే పూత వేడిలో పడటం అంటే ఇదే. ఆ గంట సక్రమంగా గడిస్తే జరిగేది అద్భుతం. పుప్పొడి నాళం రెండు పురుష కేంద్రకాలను లోపలికి తీసుకెళ్తుంది. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది. రెండోది మరో రెండు కేంద్రకాలతో కలిసి పిండానికి ఆహారమవుతుంది. పూలమొక్కలకే ప్రత్యేకమైన ఈ రెండు కలయికల సంగతిని రష్యా శాస్త్రజ్ఞుడు నవాషిన్ 1898లో కనుగొన్నాడు. మనం తినే తెల్ల బియ్యంలో మిగిలేది దాదాపుగా ఆ రెండో కలయిక ఫలితమే. తవుడు, మొలక పాలిష్‌లో పోతాయి. కంచంలోని ప్రతి మెతుకూ ఆ గంటసేపు తెరుచుకున్న పువ్వు ఇచ్చినదే.

ప్రయోగశాలల కాలంలో ఇదంతా పాత పద్ధతి కాదా అనేవారూ ఉన్నారు. కణజాల వర్ధనంతో తెగులు లేని ముచ్చెలు, దుంపలు తయారు చేయవచ్చు. జన్యువులను సరిగ్గా కావాల్సిన చోట సవరించవచ్చు. నిజమే, వాటిని వాడుకోవాలి కూడా. కణజాల వర్ధనం ఉన్న రకాన్ని శుభ్రం చేస్తుంది, కొత్త రకాన్ని ఇవ్వదు. నకలు ఎంత శుభ్రంగా తీసినా నకలే. జన్యు సవరణ ఒకటో రెండో అక్షరాలు మార్చగలదు. కానీ వందకు పైగా క్రోమోజోములున్న చెరకులో కరువు ఓర్పు, కార్శి బలం, తీపి లాంటి లక్షణాలు ఎన్నో జన్యువుల ఉమ్మడి పని. ఏ అక్షరం మార్చాలో తెలియడానికైనా ముందు వైవిధ్యం చేతిలో ఉండాలి, ఆ వైవిధ్యాన్ని పుట్టించే యంత్రం ఇప్పటికీ పువ్వే.

అలాగైతే ఇక్కడ చేయదగ్గ పనులు కొన్ని కళ్ళ ముందే ఉన్నాయి. రుద్రూరులో ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. నిజామాబాద్‌లో పసుపు బోర్డు ఉంది. చెరకు సాగు తగ్గిందని రుద్రూరులో చెరకు పని తగ్గితే, తిరిగి అవసరమొచ్చినప్పుడు ఇక్కడి నల్లరేగడికి, ఇక్కడి ఎండకు పరీక్షించిన రకాలు ఉండవు. కోయంబత్తూరు పువ్వు ఎంత మంచి గింజ ఇచ్చినా, ఆ మొలకల్లో ఈ నేలకు సరిపోయేదేదో ఈ నేల మీదనే తేలాలి. పసుపు బోర్డు ఎగుమతులు, గోదాములు, ధరల మీద పెట్టే దృష్టిలో కొంత భాగం గింజల సేకరణకు, మొలకల ఎంపికకు, తెగులు లేని విత్తన దుంపకు వెళ్ళాలి. ఈ పని ఒక ఎన్నికల కాలంలో ఫలితం చూపదు కాబట్టి దానికి ఏటా విడిగా నిధి ఉండాలి. ఇక సంగమం దగ్గర రెల్లు. దేశంలో అడవి చెరకు జాతుల సేకరణ కోయంబత్తూరు, కన్నూరు కేంద్రాల్లో ఉంది. కానీ తోటలో దాచిన నమూనా మారదు. ఏటి ఒడ్డున ఉన్నది ఏటా పూసి, ఏటా గింజ రాల్చి, మారుతున్న వరదలకూ వేడికీ తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది. ఇసుక తవ్వకాలు, ముంపు ఒడ్డుల రూపం మారుస్తున్న ఈ రోజుల్లో, కందకుర్తి నుంచి మంజీరా వెంట ఎగువకు ఉన్న రెల్లు మేటల్లో కొన్నింటినైనా గుర్తించి, నమూనాలు తీసి, పూత కాలంలో గింజ సేకరించి, ఆ మేటలను కదిలించకుండా ఉంచే పని రుద్రూరు కేంద్రం, అటవీ శాఖ, నది ఒడ్డు పంచాయతీలు కలిసి మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త భవనం అక్కర్లేదు, వానాకాలం పోయాక పూత విప్పే ఆ కొద్ది వారాల్లో ఒడ్డుకు వెళ్ళే మనుషులు కావాలి.